పాటకు పేరు లేదంటే ఊరుకుంటామా?

వాడవాడలా పాట పాడే అక్కలారా, అన్నలారా,

మన పాటల గురించి పెద్దమనుషులు రాసిన పుస్తకం ఏది తెరిచినా ఒక మాట కనపడుతుంది: 'అజ్ఞాత జానపదుడు'. ఎవరు కట్టినారో తెలియదంట. గాలికి పుట్టిందంట, నేలలో మొలిచిందంట. త్యాగయ్య కీర్తనకు త్యాగయ్య ముద్ర ఉంది. అన్నమయ్య పదానికి రాగిరేకు ఉంది. మాదిగ గేరిలో పుట్టిన పాటకు మాత్రం అమ్మా లేదు, అబ్బా లేడు. తెలియకనా, తెలుసుకోబుద్ధి కాకనా? టేపురికార్డరు సంకన పెట్టుకొని వాడలోకి వచ్చిన పండితుడు పాట రాసుకున్నాడు, పాడిన అవ్వ పేరు అడగలేదు. అడిగుంటే చెప్పేది గదా! ఆ పాట మీద ఆయనకు డాక్టరేటు వచ్చింది. అవ్వకు ఒక టీ వచ్చింది.

అందుకే ఈ సంచికలో మాకు ఇష్టమైన పాటగాళ్ళ పేర్లు రాస్తున్నాం. తూకం వేసి జిల్లాకు ఇద్దరని పంచిన జాబితా కాదు. మాకు ఎవరి పాట వింటే రోమాలు లేస్తాయో వాళ్ళవే. మీకు నచ్చకుంటే కొట్లాడండి, మీ పేర్లు మీరు చెప్పండి. అసలు కావాల్సింది ఆ కొట్లాటే.

ముందు మన నేల సంగతి. పత్తికొండ నుంచి గుత్తి పోయే దారిలో ఎర్రగుడి ఉంది. ఆ బండల మీద అశోకుడు చెక్కించిన శాసనాలున్నాయి. పత్తికొండ పక్కన రాజుల మందగిరిలో ఇంకొకటి ఉంది. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని అందులో రాసుంది. ఈ మాటలు జనానికి ఎట్ల చేరల్ల? చదువు రాని జనం బండ దగ్గరికొచ్చి చదువుకోరు గదా. అందుకే ఎర్రగుడి శాసనంలోనే దారి కూడా చెప్పినారు: రాజుకులు అనే అధికారులు భేరి మోగించి జానపదులకు ఈ ఆజ్ఞ వినిపించల్లని. అంటే రెండువేల రెండు వందల ఏళ్ళకు పైబడి మన ప్రాంతంలో చాటింపు ఉంది. బుద్ధుని దారి పట్టిన రాజు మాటను మన పల్లెలకు మోసింది తోలు వాద్యమే. రాజు పేరు బండ మీద ఉంది. భేరి కొట్టినోని పేరు లేదు.

ఇంకొక పేరు చూడండి. 1827 జులై 6న మద్రాసు గవర్నరు థామస్ మన్రో పత్తికొండలో కలరా తగిలి చచ్చిపోయినాడు. మద్రాసులో గుర్రం మీద విగ్రహం పెట్టినారు. సీమలో బిడ్డలకు ఆయన పేరు పెట్టుకున్నారని ఇప్పటికీ చెప్పుకుంటారు. పెట్టుకోనీ, మాకేం కడుపుమంట లేదు. అదే కలరాలో పత్తికొండ చుట్టు ఊర్లల్లో ఎంతమంది పోయినారో, ఆ సావులన్నిటికీ ముందర నడిచి తప్పెట కొట్టినోళ్ళు ఎవరో ఎవడు రాసినాడు?

మా జాబితాలో మొదటి పేరు ఖాళీగా వదులుతున్నాం. అది ఆ తప్పెట కొట్టినోనిది.

ఇప్పుడు తప్పెట గురించి రెండు మాటలు గట్టిగా చెప్పల్ల. దాన్ని డప్పు అనండి, పలక అనండి, బళ్ళారి పక్కనోళ్ళు హలిగె అంటారు. చెట్టు కొట్టి చట్రం వంచేది మనమే, తోలు నానబెట్టి, బొచ్చు గీకి, లాగి కట్టేది మనమే, మంట కాడ కాచి శృతి తెచ్చేది మనమే. వీణ చేసేవాడొకడు, వాయించేవాడొకడు. తప్పెటకు అట్ల కాదు. కసువు ఎత్తిన చెయ్యే తోలు శుద్ధి చేస్తుంది, ఆ చెయ్యే తాళం వేస్తుంది. సావు దెబ్బ వేరు, పెండ్లి దెబ్బ వేరు, సుంకులమ్మ జాతర దెబ్బ వేరు. పీర్ల పండగలో అలావు చుట్టూ తిరిగేటప్పుడు వేసే దెబ్బకు హిందువు, తురక అని లేకుండా ఊరంతా కాలు కదుపుతుంది. ఇన్ని వరసలు రాయకుండా, కాగితం లేకుండా తలలో పెట్టుకున్నోన్ని సంగీత విద్వాంసుడు అనరు. 'ఒరే, రారా' అంటారు.

తప్పెట పారేయల్లనా, ఉంచుకోవల్లనా అని మనలోనే పెద్ద వాదన నడిచింది. కొన్ని ఊర్లల్లో మన్నోళ్ళు ఇక కొట్టమని కట్టుబాటు చేసుకున్నారు. అది తప్పని మేమనం. ఊరి పెద్ద ఇంట్లో సావైతే అర్ధరాత్రి మనిషిని పంపి లేపుతారు, శవం ముందర మూడు మైళ్ళు కొట్టిస్తారు, ఆఖర్న చేటలో బియ్యం, ఒక సీసా. అంతకంటే పారేయడమే మేలని ఎవరికైనా అనిపిస్తుంది. అయితే 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోర పుట్టినప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. ఏ వాద్యాన్ని చూపించి మనల్ని తక్కువ చేసినారో దాని పేరే ఉద్యమానికి పెట్టుకున్నారు. వర్గీకరణ మీద మనలో ఎన్ని అభిప్రాయాలైనా ఉండనీ. ఆ పేరు పెట్టుకోవడం మాత్రం గొప్ప పని. తప్పెట మాది. రాత్రిపూట వచ్చే ఆ పిలుపు మాది కాదు. ఈ రెండింటినీ కలిపి చూస్తే ఎప్పటికీ తెగదు.

రాష్ట్ర ప్రభుత్వం పింఛన్ల జాబితాలో డప్పు కళాకారులను, చర్మకారులను పెట్టింది. 2024 జులై నుంచి నెలకు 4,000 రూపాయలు. తీసుకోండి, అది మన హక్కు. తీసుకునేటప్పుడు ఆ కాగితాన్ని ఒకసారి గట్టిగా చదివించుకోండి. 'కళాకారుడు' అని రాసుంటుంది. ఆ మాట సచివాలయం గడప దాటి రచ్చకట్ట దాకా ఎందుకు రావడం లేదు?

సరే, పేర్లున్నోళ్ళ దగ్గరికి వద్దాం.

గరిమెళ్ళ సత్యనారాయణ తెల్లదొరతనం మాకొద్దని పాట కట్టి జైలుకు పోయినాడు. మంచిదే. ఆ పాట సంగతి బడికి పోయిన ప్రతి బిడ్డకూ తెలుసు. అదే రోజుల్లో, 1921లో, రాజమండ్రి నుంచి కుసుమ ధర్మన్న అనే మాలబిడ్డ 'మాకొద్దీ నల్లదొరతనము' అని ఎదురుపాట కట్టినాడు. ఆయన వైద్యుడు, 'జయభేరి' అనే పత్రిక నడిపినాడు. తెల్లోడు పోయినంక మా మెడ మీద కూర్చునేది ఎవరు అని 26 ఏళ్ళు ముందే అడిగినాడు. ఇంత ఒడుపైన పాట తెలుగులో ఇంకొకటి లేదని మా అభిప్రాయం. ఎందుకంటే ఆయన కొత్త ఆయుధం వెతుక్కోలేదు. వాళ్ళ బాణీనే తీసుకొని, ఒక్క రంగు మార్చి, వాళ్ళ మీదికే తిప్పినాడు. రెండు పాటలూ పక్కపక్కన పెట్టి బడిలో ఎంతమంది పంతుళ్ళు చెప్పినారు? మొదటి దాన్ని దేశభక్తి అన్నారు. రెండోదాన్ని అసలు చెప్పనేలేదు.

జాషువా పద్యం గురించి చెప్పకుంటే మా తాతలు కోప్పడతారు. మన సీమ ఊర్లల్లో హరిశ్చంద్ర నాటకం ఆడితే తెల్లార్లూ జనం లేవరు. నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతంది. కాటిసీను వచ్చినప్పుడు హార్మోనియం లేచి, నటుడు గొంతెత్తి పాడే స్మశానం పద్యాలు మాత్రం గుర్రం జాషువావి. వన్స్‌మోర్ పడేది వాటికే. చదివింపులు చదివించేది వాటికే. వినుకొండలో పుట్టి, అంటరానితనంతో అడుగడుగునా అవమానపడిన మనిషి పద్యం లేకుంటే ఆ నాటకం సగం రాత్రికే పడుకుంటుంది. ఎంతమంది కమ్మ, రెడ్డి, బ్రాహ్మణ నటులు ఆ పద్యాలతో పేరు తెచ్చుకున్నారో లెక్కలేదు. ఇక్కడ మాకు ఒక ప్రశ్న ఉంది. రాజు కాటికాపరికి అమ్ముడుపోయినాడని పందిరంతా ఏడుస్తుంది. ఆ వీరబాహుడు పుట్టిందే కాట్లో గదా, వానికోసం ఏ పద్యానికి ఎవరు ఏడ్చినారు? సావులో అందరూ ఒకటే అని చెప్పిన జాషువా పద్యాన్ని విని, చప్పట్లు కొట్టి, తెల్లారి లేసి మన శవానికి వేరే దారి చూపిస్తారు.

ఇక గద్దర్.

మెదక్ జిల్లా తూప్రాన్‌లో మాలవాడలో పుట్టిన గుమ్మడి విఠల్. ఒంటి మీద గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకు గజ్జెలు. ఆయన ముందు ఎంతోమంది పాడినారు, ఆయన తర్వాతా పాడినారు. అయినా తెలుగునాట నిలబడి పాడే మనిషికి ఒళ్ళంతా పాట చేసింది ఆయనే. 1980లో వచ్చిన 'మా భూమి' సినిమాలో బండి యాదగిరి పాటను గద్దర్ పాడితే అది ఊరూరికీ పోయింది. ఇక్కడ కూడా చూడండి, పాట రాసిన యాదగిరి సాయుధ పోరాటంలో చచ్చిపోయినోడు. పాట తెలిసిన వందమందిలో ఆయన పేరు తెలిసినోళ్ళు ఎందరు?

1990 ఫిబ్రవరిలో అజ్ఞాతం నుంచి బయటికొచ్చి హైదరాబాదు నిజాం కాలేజీ మైదానంలో గద్దర్ పాడితే లక్షల జనం వచ్చినారు. అయితే మాకు ఆ సభ కంటే ముందరి పాట ఒకటి ఎక్కువ. 1985 జులై 17న కారంచేడులో కమ్మ భూస్వాములు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని నరికి చంపినారు. ఆడోళ్ళను చెరిచినారు. ఆ కారంచేడు మీద గద్దర్ కట్టిన పాట వచ్చేదాకా విప్లవ పాటల్లో మనం 'కూలి', 'రైతు', 'పేద'. ఆ పాటలో మనం దళితులం. ఎదురు తిరిగిన మనుషులం. దళిత మహాసభ మీటింగుల్లో ఆ పాట ఎత్తుకుంటే ముసలోళ్ళు కూడా లేచి నిలబడేవాళ్ళు. ఎర్రజెండా పెద్దలకు కులం మాట నోటికి రావడానికి ఇన్ని శవాలు లేవాల్సి వచ్చింది. మన గొంతు, మన తప్పెట, మన గజ్జె ముందు నడిచినాయి. నాయకత్వం చేసినోళ్ళ ఇంటిపేర్లు చదువుకోండి, మేం చెప్పే పనిలేదు. గద్దర్ మీద కూడా మాకు విమర్శలున్నాయి. ఆఖరి రోజుల్లో గుడులు తిరిగినాడు, అన్ని పార్టీల నాయకులనూ కౌగిలించుకున్నాడు. ఉండనీ. కారంచేడు పాట కట్టినోన్ని మేం వదులుకోం.

1995లో 'ఒరేయ్ రిక్షా' సినిమాలో ఆయన రాసిన అన్నాచెల్లెళ్ళ పాటకు నంది అవార్డు ఇస్తామంటే వద్దన్నాడు. 2023 ఆగస్టు 6న చచ్చిపోయినాడు. చుండూరులో మన్నోళ్ళు ఎనిమిదిమందిని నరికిన తేదీ కూడా అదే, 1991 ఆగస్టు 6. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకే గద్దర్ పేరు పెట్టింది, 2025 జూన్‌లో పంచింది కూడా. బతికున్నప్పుడు అవార్డు వద్దన్నోని పేరే అవార్డైంది! నవ్వల్లనా, ఏడ్వల్లనా?

1997 ఏప్రిల్ 6 సంగతి మరువొద్దు. ఇంటికొచ్చి కాల్చినారు. ఒక తూటా చచ్చేదాకా వెన్నులోనే ఉండిపోయింది. కాల్చింది ఎవరంటే 'గుర్తుతెలియని వ్యక్తులు'.

ఈ 'గుర్తుతెలియని' అనే మాట మన దేశంలోనే ఉందనుకోకండి. ఆఫ్రికాలో నైజీరియా దేశం ఉంది. మన టీవీల్లో ఆ దేశం పేరు వచ్చేది ఫోన్ మోసాల కేసుల్లోనే. అదీ మనోళ్ళ వార్తల నీతి. నల్లోళ్ళ దేశమంటే దొంగల దేశం, మాలమాదిగ వాడంటే దొంగల వాడ. ఆ నైజీరియాలో ఫెలా కుటీ అని ఒక పాటగాడు ఉండె. 1938లో అబెయోకుటా పట్నంలో పుట్టినాడు. గద్దర్ లెక్క పేదింటి బిడ్డ కాదు, చదువుకున్న పాదిరీ ఇంటి బిడ్డ. అయినా పల్లెటూరోడు, రేవులో మూటలు మోసేవాడు కూడా అర్థం చేసుకోవల్లని చదువుకున్నోళ్ళ ఇంగ్లీషు పక్కన పెట్టి, బజార్లో మాట్లాడే కలగలుపు ఇంగ్లీషులో పాడినాడు. ఒక్కొక్క పాట పావుగంట, అరగంట. మన ఒగ్గుకథ, బుర్రకథ విన్నోనికి ఆ పొడుగు అలవాటే.

చెప్పిన పనికల్లా తల ఊపే మిలిటరీ జవాన్లను నడిచే శవాలని ఎగతాళి చేస్తూ ఆయన పాట కట్టినాడు. 1977 ఫిబ్రవరి 18న వెయ్యిమంది దాకా సైనికులు వచ్చి ఆయన ఇంటిమీద పడినారు. తగలబెట్టినారు. 76 ఏళ్ళ ముసలి తల్లిని మేడమీది కిటికీ నుంచి కిందికి తోసినారు. ఆమె మరుసటి ఏడాది చచ్చిపోయింది. ఆ తల్లి ఎవరో తెలుసా? ఫున్మిలాయో రాన్సమ్ కుటీ. ఆడోళ్ళ మీద వేసిన పన్నుకు ఎదురుతిరిగి అబెయోకుటాలో వేలమంది సంత ఆడోళ్ళను వీధిలోకి తెచ్చి, 1949లో అక్కడి రాజును గద్దె దింపిన మనిషి. ఈ దాడి మీద విచారణ జరిపి ప్రభుత్వం తేల్చింది ఏమంటే, చేసింది 'గుర్తుతెలియని సైనికుడు' అంట! ఆ మాట పేరుతోనే ఫెలా ఇంకొక పాట కట్టి వాళ్ళ మొహాన కొట్టినాడు. గద్దర్ మీద తూటా పేలిన 1997లోనే, ఆగస్టు 2న ఫెలా చచ్చిపోయినాడు. కొడుకులు ఫెమీ, షెవున్ అదే బాణీ పట్టుకున్నారు. 2021లో గ్రామీ అవార్డు తెచ్చుకున్న బర్నా బాయ్ అనే పిల్లోని తాత ఒకప్పుడు ఫెలాకు మేనేజరు. మూడు తరాలు. వాళ్ళ దేశంలో ఎవన్ని అడిగినా ఈ వరస పేర్లతో సహా చెప్తాడు.

మాకు ఇంకొకటి నచ్చింది. ఆ దేశంలో యోరుబా జనం ఉన్నారు. వాళ్ళకు మాట్లాడే డోలు ఉంది. సంకలో పెట్టుకొని తాళ్ళు నొక్కితే స్వరం మనిషి మాట లెక్క ఎత్తుగా, తగ్గుగా పలుకుతుంది. దాన్ని వాయించే వంశాలోళ్ళు బిడ్డలకు 'అయాన్' అని మొదలుపెట్టి పేర్లు పెట్టుకుంటారు. డోలు దేవత పేరు అది. పేరు చూస్తేనే వీళ్ళు వాద్యకారుల ఇంటోళ్ళని తెలుస్తుంది. వాళ్ళూ రాజుల గడప ముందు పొగడ్తలు వాయించి బతికినోళ్ళే, అదేదో స్వర్గమని మేం చెప్పడం లేదు. కానీ డోలు పేరు బిడ్డకు పెట్టుకొని తలెత్తుకునే ఊరు లోకంలో ఉంది. మనకాడ తప్పెట పేరెత్తితే హాస్టల్లో చదివే పిల్లోడు తల దించుకుంటాడు. తల దించుకునేటట్లు చేసింది ఎవరు?

మన దారికి తిరిగొద్దాం. ఏప్రిల్ 14న ప్రతి వాడలో అంబేద్కర్‌కు దండాలు పెట్టే పాట ఒకటి మోగుతుంది. పూలమాల వేసేటప్పుడు చిన్నపిల్లోళ్ళు కూడా అందుకుంటారు. అది మాస్టార్జీ పాట. ఆయన పేరు మైకులో ఎవరైనా చెప్పంగ విన్నారా? ఊరు మనదని చెప్పే పాట దేశంలో ఎన్నో భాషల్లోకి పోయింది. అది గూడ అంజయ్య పాట. ఆదిలాబాద్ జిల్లా లింగాపురంలో పుట్టి, 2016 జూన్‌లో జబ్బుతో పోయినాడు. ఆ ఊరు ఎవరిదో ఇంత సులువుగా, ఇంత సూటిగా అడిగిన పాట ఇంకొకటి మాకు తెలియదు. కంచికచర్ల కలేకూరి ప్రసాద్ పేరు సినిమా చూసేవాళ్ళకు తెలియదు. 'శ్రీరాములయ్య' సినిమా, మన పక్క అనంతపురం కథే, దాంట్లో ఆయన పాట తెలియనోడు లేడు. తాగుడుకు, ఒంటరితనానికి 2013లో బలైపోయినాడు. ఇంతకంటే రాయబుద్ధి కావడం లేదు.

గోరటి వెంకన్న దగ్గర కొంచెం ఆగల్ల. 2002లో 'కుబుసం' సినిమాకు పోయిన ఆయన పల్లె పాట విని ఏడ్వనోడు లేడు. 2021లో 'వల్లంకి తాళం' పుస్తకానికి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. మాటను పిట్టలెక్క ఎగరేసేవాడు ఆయన మాదిరి ఇంకొకడు లేడు. అయినా ఆ పల్లె పాట మాకు పూర్తిగా మింగుడు పడదు. కమ్మరి కొలిమి ఆరిపోయింది, మగ్గం ఆగిపోయిందనే బాధ నిజమే. అయితే ఏ పల్లె అది? ఆ పల్లెలో నీళ్ళబావి దగ్గర మనం యాడ నిలబడినాము? 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ పల్లెను గురించి ఏం చెప్పినాడో గుర్తులేదా? అజ్ఞానానికి, కులపిచ్చికి గూడు అన్నట్లే మాట్లాడినాడు గదా. కూలిపోతున్న ఊరిని చూసి రెడ్డి ఏడిస్తే అర్థముంది. మనం ఎందుకు ఏడ్వల్ల? సుగ్గికి గుంటూరు మిరపచేలకు పోయే లారీలో కూర్చున్న మన ఆడబిడ్డ ఊరు ఇడిసినందుకు ఏడుస్తుంది. ఊర్లో బాగా బతికినందుకు కాదు. వెంకన్న పాట మాకు ఇష్టం కాబట్టే ఈ మాట అంటున్నాం. ఇష్టం లేనోళ్ళతో మాకు వాదన ఎందుకు?

ఆ లారీ గురించే ఇంకొంచెం. పత్తికొండ, దేవనకొండ, ఆలూరు, కోసిగి, కౌతాళం పక్క నుంచి వానలు ఎగ్గొట్టిన ఏడు ఊర్లు ఊర్లే తాళం పెట్టుకొని పోతాయి. ఆ లారీల్లో చలికి ముడుచుకొని ఆడోళ్ళు పాడుకునే పాటలు ఎవరు కడతాండారు? మేస్త్రీని తిట్టే పాట, ముల్లె మరిచిపోయి వచ్చిన పాట, అవ్వ దగ్గర ఇడిసొచ్చిన బిడ్డ పాట. రేపు ఎవడో వచ్చి వీటినీ 'అజ్ఞాత జానపద స్త్రీల వలస గీతాలు' అంటాడు. కట్టిన మనిషి లారీలోనే ఉంది. దిగినంక అడగండి.

ఎల్లమ్మ పాటల విషయంలో మాకు కోపం ఇంకా ఎక్కువ. ఆదోని, ఆలూరు పక్క మన ఆడబిడ్డలను బసివిని చేసి దేవుని పేరు మీద ఊరికి వదిలినారు. 1988లో దాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది. ఆ తల్లులు పాడే పాట గొప్పది, ఆ గొంతులో ఉండే జీర ఏ రేడియోలో వినపడదు. ఆ పాట వింటూ తల ఊపే పెద్దమనిషి, ఆ పాట పాడేదాని మెడలో ముత్యాలు కట్టినోడు ఒకడే అయినప్పుడు దాన్ని 'మన సంస్కృతి' అనడానికి మాకు నోరు రాదు. పాటను దాచుకుంటాం. ఆచారాన్ని తగలబెడతాం.

ఆడోళ్ళ పేర్లలో బెల్లి లలితను తలవకుండా పోలేం. భువనగిరిలో స్పిన్నింగ్ మిల్లు కార్మికురాలు, గొల్లకురుమ బిడ్డ, మన బహుజన చెల్లెలు. 1999 మే నెలలో ఆమెను చంపి 17 ముక్కలు చేసినారు. పాటకు అంత భయపడే లోకం పాటకు పేరు లేదంటే ఎట్ల నమ్మల్ల?

ఆదోని, ఆలూరు 1953 దాకా బళ్ళారి జిల్లాలోనివే. మనకు కన్నడం పరాయిది కాదు. 1975లో సిద్ధలింగయ్య 'హొలెమాదిగర హాడు' అని పుస్తకం తెచ్చినాడు. పేరులోనే మాలమాదిగల పాట అని ఉంది, దాపరికం లేదు. దళిత సంఘర్ష సమితి జాతాల్లో ఆ పాటలు తుంగభద్ర ఆ పక్కంతా మోగినాయి. 2021లో కరోనాకు ఆయన్ను పోగొట్టుకున్నాం. మన కర్నూలు జిల్లాలో పుట్టిన నాగప్పగారి సుందర్రాజు తన కవిత్వానికి పెట్టిన పేరు 'చండాల చాటింపు'. ఆయన 'మాదిగోడు' కథలు మన పడమటి భాషలోనే ఉంటాయి, సదువుతాంటే మన ఇంట్లో మాట్లాడినట్లే ఉంటుంది. చిన్న వయసులోనే 2000లో పోయినాడు. ఎర్రగుడి బండ మీద మొదలైన చాటింపును మళ్ళీ మన నోట పలికించింది సుందర్రాజే అని మేం నమ్ముతాం.

ఇప్పటి పిల్లోళ్ళ సంగతి. డీజే బాక్సులు పెట్టి ఊగుతాండారని పెద్దోళ్ళు తిడతాండారు. మేం తిట్టం. అంబేద్కర్ జయంతికి నీలిజెండా పట్టుకొని డీజే ముందర ఎగిరే పిల్లోనికి ఉన్న ధైర్యం మా తాతకు లేదు. మా ఫిర్యాదు ఇంకొకటి. ఆ బాక్సులో మోగేది మన తప్పెట దెబ్బే. యంత్రంలో అచ్చు వేసిన దెబ్బ. డీజేవోనికి వేలల్లో ఇస్తారు. పక్కనే ఉన్న తప్పెట మనిషికి వందలు ఇవ్వడానికి బేరమాడతారు. సినిమాలో 'నాటు' అంటే 2023లో ఆస్కార్ వస్తుంది. మన గేరిలో అదే ఎగురును 'మోటు' అంటారు.

పేరు మింగే దొంగతనం పాతకాలం సంగతి అనుకునేవాళ్ళు అరివు కథ వినండి. తమిళనాడు దళిత పిల్లోడు. సిలోన్ తేయాకు తోటల్లో చాకిరీ చేసి వచ్చిన అవ్వ వళ్ళియమ్మాళ్ కథను పాట చేసి 2021లో పాడినాడు. కోట్లమంది విన్నారు. ఆ ఆగస్టులో ఒక పెద్ద సంగీత పత్రిక ఆ పాట గొప్పదని అట్టమీద బొమ్మలు వేసింది. దాంట్లో అరివు బొమ్మ లేదు! పా. రంజిత్ లాంటోళ్ళు నిలదీస్తే, జనం గోల చేస్తే, తర్వాత అరివు బొమ్మతో ఇంకొక అట్ట వేసినారు. టేపురికార్డరు పోయి సెల్‌ఫోను వచ్చింది. పండితుని అలవాటు పోలేదు. ఈసారి తేడా ఏమంటే, అడిగేవాళ్ళున్నారు.

కాబట్టి సంఘాలకు మేం చెప్పేది ఇది. మీటింగులో పాట ఎత్తుకునే ముందు కట్టినోళ్ళ పేరు, ఊరు మైకులో చెప్పల్ల. మన ఇండ్లల్లో పెండ్లికి, సావుకు తప్పెట పిలిస్తే రేటు ముందే మాట్లాడి, చేతికి డబ్బు ఇవ్వల్ల, కూర్చోబెట్టి అన్నం పెట్టల్ల. ముందు మన ఇంట్లో జరగకుంటే ఊరిపెద్దను అడిగే నోరు మనకుండదు. ఊరోళ్ళు రాత్రిపూట బలవంతంగా పిలిస్తే పోవద్దు. బెదిరిస్తే, కూలి ఆపుతామంటే, వెట్టిని రద్దు చేసిన 1976 చట్టం ఉంది, 1989 అట్రాసిటీ చట్టంలో దళితులతో వెట్టి చేయించడం నేరం. ఒక్కడుగా పోకుండా సంఘమంతా పోయి స్టేషన్లో కాగితం ఇవ్వండి, రసీదు తీసుకోండి.

పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు, ఆలూరు పక్క ప్రతి ఊరి నుంచి తప్పెట కొట్టేవాళ్ళ పేర్లు, పాట కట్టే ఆడోళ్ళ పేర్లు రాసి మీ ఊరి కార్యకర్తకు ఇవ్వండి. చచ్చిపోయినోళ్ళవి కూడా, మనవళ్ళకు గుర్తున్నంత వరకు. ఏ పాట వాళ్ళదో పక్కన రాయండి. వాళ్ళు ఒప్పుకుంటేనే రాయండి. చెప్పేవాళ్ళకు రాయడం రాకుంటే బడిపిల్లోనితో రాయించండి. వచ్చే సంచికలో రెండు పేజీలు ఖాళీగా పెడుతున్నాం.